వెర్నా బొటనవేలు

ఒహాయోలోని ఓ రెండేళ్ల కోర్సుల కాలేజీలో వెర్నా ఇరవై రెండేళ్లుగా ఊడుస్తోంది. వెల్డింగ్ షెడ్డులోకి వచ్చేసరికి చీపురు నెమ్మదిస్తుంది. విద్యార్థులు పారేసిన ఇనప ముక్కల్ని చెత్తబుట్టలోంచి తీసి, కళ్లు మూసుకుని, అతుకు పొడవునా బొటనవేలు నడిపిస్తుంది. "ఇదిగో, ఇక్కడ కుర్రాడు ఫోను చూసుకున్నాడు," అంటుంది. "పాఠం నువ్వు చెప్పు, జీతం నేను తీసుకుంటా," అంటాడు మాస్టారు డ్వైట్. అప్పుడప్పుడూ తన మాస్కు ఇచ్చి ఆమె చేత రెండు అతుకులు వేయిస్తాడు. సర్టిఫికెట్ లేనిదే ఎక్కడా ఆ పని ఇవ్వరు. కోర్సు ఫీజుకు డబ్బు పోగైన ప్రతిసారీ ఇంట్లో ఎవరికో ఒకరికి జబ్బు చేసేది.

ఈ ఆగస్టులో ఆ ఫీజు ఎత్తేశారు. డ్వైట్ దరఖాస్తు పట్టుకుని తనే ఎదురొచ్చాడు. "ఇంకేం సాకు చెబుతావు? సంతకం పెట్టు." వెర్నా కలం అందుకుంది. కలం కొస కాగితం మీద నిలవలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది, అయినా వణుకు ఆగలేదు. "ఎన్నాళ్లనుంచి?" అన్నాడు డ్వైట్. "చలికాలం నుంచి. చీపురైతే పట్టించుకోదు." దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంది. బుట్టలోంచి ఓ ముక్క తీసి, కళ్లు మూసుకుని బొటనవేలు నడిపించింది. "చెయ్యంటే ఇదీ," అంది. "ఎవరో గానీ, చదువు మధ్యలో మానేయనివ్వకు."