పెద్ద సిస్టర్ ఆడి చూసిన రెండు కంప్యూటర్లు

మొన్న మంగళవారం మధ్యాహ్నం, ఎండకు పిల్లలు బెంచీల మీద తలలు వాల్చి ఉన్న వేళ, చర్చి గంట ఆగి ఆగి మోగింది. రెంటచింతలలో ఆ మోతకు అర్థం అందరికీ తెలుసు. గుంటూరు ఆస్పత్రిలో ఉన్న మా పెద్ద సిస్టర్ ఇక లేరని కాసేపటికి ఫాదర్ గారు కబురు చేశారు. ఆమె మా బడికి హెడ్‌మిస్ట్రెస్. ఊళ్ళో పిల్లా పెద్దా అందరికీ పెద్ద సిస్టరే.

ఆమె ఎందరికి చదువు చెప్పించారో, ఎన్ని ఇళ్ళలో గొడవలు తీర్చారో చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఎండాకాలాల సంగతి. సెలవుల్లో మేమిద్దరం కూర్చుని కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ళం.

నేను ఆ బళ్ళో లెక్కల టీచర్ని. మా అమ్మానాన్నా పోయాక నాకు ఇల్లంటూ మిగల్లేదు. ఒంగోలులో అన్నయ్య ఉన్నాడు గానీ, వెళ్ళిన మర్నాటి నుంచే వదిన నా తిరుగు బస్సు సంగతి అడిగేది. అందుకని సెలవులివ్వగానే పిల్లలూ, మిగతా టీచర్లూ, చిన్న సిస్టర్లూ ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతే, నేను బడి వెనక గదిలోనే ఉండిపోయేదాన్ని. పెద్ద సిస్టర్ కూడా కదిలేవారు కాదు. "మీరెక్కడికీ వెళ్ళరా?" అని ఒకసారి అడిగితే, "ఈ బడే నా ఇల్లు. ఇల్లొదిలి ఎక్కడికి పోతా టీచరమ్మా?" అన్నారు.

ఒక ఏడాది, బడికి కంప్యూటర్ కొనిస్తానని ఒక దాత ముందుకొచ్చారు. గుంటూరు నుంచి అమ్మకందారు రెండు రకాలు తెచ్చి, సెలవుల్లో వాడి చూసి నచ్చింది ఉంచుకోమన్నాడు. ఎలా చూడాలో నాకు తోచలేదు. పెద్ద సిస్టర్ తేల్చేశారు.

"పిల్లలు దాంతో ముందు ఏం చేస్తారు? ఆడతారు. మనమూ ఆడి చూద్దాం."

చిన్నది చూడ్డానికి ఒట్టి కీబోర్డు. దాన్ని కాన్వెంటు టీవీకి తగిలించాం. దాన్ని నడిపించే సరంజామా అంతా దాని లోపలే ఉండేది, మీట నొక్కగానే సిద్ధం. కానీ ఆటలు క్యాసెట్ల లోంచి ఎక్కాలి. ఒక్కో ఆట ఎక్కడానికి టీ కాచుకుని తాగేంత సేపు పట్టేది. అంతసేపూ టేప్ రికార్డర్ కీచుమంటూనే ఉండేది. తీరా ఎక్కాక మాత్రం రంగులు, చప్పుళ్ళు! ఒక ఆటలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండి బంతి కొట్టుకోవాలి. ఇద్దరం ఒకే కీబోర్డు మీద చేతులు పెట్టి ఆడేవాళ్ళం. బంతి తప్పిపోతే పెద్ద సిస్టర్ "ఒరేయ్ ఒరేయ్!" అని బంతిని కేకలేసేవారు.

పెద్దది వేరే మనిషి. డాస్ అనే ఫ్లాపీ పెడితే గానీ దానికి తెలివి రాదు. తెలివి రాగానే తారీఖు అడిగేది, తర్వాత టైము అడిగేది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరం ఒకటి మిణుకుమంటూ మన మాట కోసం నిలబడేది.

"ఇదేందమ్మా, తాలూకాఫీసు గుమాస్తా లాగా తారీఖు అడుగుద్ది?" అని సిస్టర్ నవ్వారు.

దాంట్లో ఆట క్షణంలో ఎక్కేది. కానీ రంగుల్లేవు, చప్పుళ్ళు లేవు. ఉన్నది చదరంగం. అదీ మిషనుతో మనిషి ఒక్కరే ఆడాలి.

నాకు చిన్నదే నచ్చింది. ఆటకంటే ముందు ఆ క్యాసెట్ ఎక్కేంతసేపు నచ్చింది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టుకుని, ఏవో మాట్లాడుకునేవాళ్ళం. మా అమ్మ పోయిన సంగతి నేను మొదటిసారి ఒకరితో పూర్తిగా చెప్పుకున్నది అప్పుడే. చెప్పడం అయ్యేసరికి క్యాసెట్ ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఆమె లేచి ఆట మొదలుపెట్టలేదు.

సెలవులు అయిపోవచ్చాయి. "చిన్నదే ఉంచుదాం సిస్టర్" అన్నాను.

ఆమె చిన్నదాని మీద దుమ్ము తుడిచారు. "నాకూ అదే చానా ఇష్టం. కానీ రేపు మన పిల్లలు ఏ ఆఫీసులోనన్నా కూర్చుంటే, వాళ్ళ ముందుండేది ఈ తారీఖు అడిగేదే. చిన్నది మన ముచ్చట. పెద్దది వాళ్ళ కూడు."

అమ్మకందారు వచ్చి చిన్నదాన్ని అట్టపెట్టెలో సర్దుకుని పోయాడు. ఆ సాయంత్రం నేను కంప్యూటర్ గదిలో చదరంగం పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. పెద్ద సిస్టర్ వచ్చి, స్టూలు లాక్కుని నా పక్కన చేరారు.

"ఒక ఎత్తు నువ్వెయ్యి. ఒక ఎత్తు నేనేస్తా."

"ఇది ఒక్కళ్ళు ఆడే ఆట సిస్టర్."

"మనం ఎంతమందిమో దానికి కనపడుద్దా ఏంది?"

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం అలాగే ఆడాం. నేను రాజు చుట్టూ బంట్లను కాపలా పెట్టేదాన్ని. ఆమె వంతు రాగానే మంత్రిని నేరుగా శత్రువుల మధ్యకు పంపేవారు. చాలాసార్లు ఓడిపోయేవాళ్ళం. నేను చిన్నబుచ్చుకుంటే, "సగం ఓటమే గదా నీది, సగం నేను తీసుకున్నా" అనేవారు.

పోయిన చలికాలం ఆమెకు గుండె జబ్బు ముదిరింది. గుంటూరు వెళ్ళి చూశాను. మనిషి దుప్పటిలో ఇంతైపోయారు.

"ఎవరితో ఆడుతున్నావు?" అన్నారు.

"ఒక్కదాన్నే."

"నా ఎత్తు కూడా నువ్వే ఎయ్యి. నేనేసినట్టు ఎయ్యాలి, నీ లాగా భయం భయంగా కాదు." అంతమాత్రం మాటలకే ఆమెకు ఆయాసం వచ్చింది. నర్సు నన్ను లేవమంది.

కబురొచ్చిన మర్నాడు, బుధవారం, ఆమెను మా ఊళ్ళోనే మట్టి చేశారు. జనం వెళ్ళిపోయాక తలపాగా చేతిలో పట్టుకుని ఒక రైతు నా దగ్గరకు వచ్చాడు. రాజుపాలెం నుంచి వచ్చానని, సిస్టర్ తమ్ముణ్ణని చెప్పాడు. ఆమెకు తమ్ముడున్నాడని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"లెక్కల టీచరమ్మ నువ్వేనా?" అన్నాడు.

"అవునండీ."

"ప్రతి ఎండాకాలం పంపిస్తారమ్మా ఈ సిస్టర్లని ఇంటికి, కొన్నాళ్ళు. మా అక్క రాటం మానేసింది. బండి కట్టుకుని నేనే వస్తానంటే, వద్దురా, ఇక్కడ ఒక టీచరమ్మ ఒంటరిగా ఉంటది, ఆ పిల్లనొదిలి రాలేనని కబురు పెట్టేది. ఎవరో చూద్దామనుకున్నా."

ఇద్దరికీ వెళ్ళే చోటు లేకనే ఉండిపోయామని అన్నేళ్ళూ అనుకున్నాను. మా ఇద్దరిలో వెళ్ళే చోటు లేనిదాన్ని నేనొక్కదాన్నే.

"ఏం చేసేవాళ్ళమ్మా అన్ని రోజులు?"

"ఆడుకునేవాళ్ళమండీ."

ఆయన తల ఊపాడు. బస్టాండు దాకా ఆయన వెంట నడిచాను. సత్తెనపల్లి వైపు వెళ్ళే బస్సు కదలబోతుంటే కిటికీలోంచి వంగి, "అక్క కోసం ఎండాకాలం ఒక గది ఊడ్పిచ్చి పెడతాం. ఈసారీ ఊడ్పిస్తా. నువ్వు రామ్మా" అన్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. ఆ ఎండలో, తారు కరిగి మెరుస్తున్న రోడ్డు చివర, కిటికీ బయటికి వేలాడుతున్న ఆయన తెల్లటి తలపాగా కొస చాలాసేపు కనిపిస్తూనే ఉంది.