బాగుందన్నయ్యా

పంతొమ్మిదివందల అరవైల్లో, రేపల్లె దగ్గర కాలువ కట్టేసిన ప్రతి వేసవిలోనూ, మిగిలిన మడుగుల్లో అన్నయ్యా నేనూ బల్లేలతో కొర్రమీను కొట్టేవాళ్ళం. అలికిడైతే చేప బురదలోకి దిగిపోతుందని, నీళ్ళలో నోరు విప్పొద్దని అన్నయ్య నేర్పాడు. అందుకే ఒకరోజు గుర్రపుడెక్క ఆకుల చాటున వంగుతూ, అక్కడున్నానని అన్నయ్యకు చెప్పలేదు. ఆకులు కదలగానే చేపనుకుని అన్నయ్య బల్లెం విసిరాడు. అది నా తలలో దిగింది.

తెనాలి ఆసుపత్రిలో ఎలాగో బతికాను. చూడవచ్చిన వాళ్ళంతా "అదృష్టవంతుడివిరా" అంటుంటే ఒళ్ళు మండిపోయేది. ఒక్క దీపం రెండుగా కనబడుతుంటే అదేం అదృష్టం?

ఇంటికొచ్చాక, ఒంట్లోకి బలం రావాలని అమ్మ కొర్రమీను పులుసు పెట్టింది. చేప తెచ్చింది అన్నయ్యే, వలతో. బల్లెం మళ్ళీ ముట్టుకోలేదు. గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది కానీ, చింతపండు వాసన లేదు, మెంతుల వాసన లేదు, చేప వాసనా లేదు. ఉప్పూ పులుపూ కలిపిన వేడినీళ్ళు తాగినట్టుంది. ఆ దెబ్బకు నా ముక్కు చచ్చిపోయిందని అప్పుడు తెలిసింది.

"ఎట్టా ఉందిరా?" గుమ్మం బయటే నిలబడి అడిగాడు అన్నయ్య.

"బాగుందన్నయ్యా."

అప్పుడుగాని లోపలికి రాలేదు.

అన్నయ్య పోయేదాకా ఏటా ఎక్కడెక్కడో తిరిగి కొర్రమీను తెచ్చి, నేను తింటుంటే ఎదురుగా కూర్చునేవాడు. నిజం ఏనాడూ నా నోరు దాటలేదు. చేప దగ్గర నోరు విప్పొద్దని నేర్పింది తనే కదా.