చెరిపేసిన తెలుగు గడి

నాకు కుళ్లు ఎక్కువ. ఈ మాట ఇంకొకరంటే ఊరుకోను గానీ, నా అంతట నేను చెప్పుకోవడానికి సిగ్గు లేదు. అయినా పోయిన వానాకాలం ఒక మనిషిని చూసి కుళ్లుకున్నంతగా అంతకు ముందు ఎవరినీ చూసి కుళ్లుకోలేదు. ఆమె మా బడికి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మేడం.

జహీరాబాద్‌లో ఆ బడిలోనే నేను హిందీ చెప్తాను. నా కూతురు అక్కడే తొమ్మిదో తరగతి చదివేది. మా ఇద్దరికీ మాటల పిచ్చి. అది ఝరాసంగం నుంచి వచ్చే షేర్ ఆటోలో మొదలైంది. మా పక్కన కూర్చున్న ముసలామె "హఫ్తాకోసారి దవాఖానకు తిరగాల్నంటే నాతోని ఐతదా" అని డ్రైవరుతో గోడు వెళ్లబోసుకుంటోంది. అప్పుడు ఐదో తరగతిలో ఉన్న నా కూతురు నా కొంగు లాగి, "అమ్మా, హిందీల సప్తాహ్ అంటరు గద. అది, ఈ హఫ్తా ఒక్కటేనా?" అంది. ఏళ్ల తరబడి సప్తాహ్ బోర్డు మీద రాస్తున్నాను, హఫ్తా బజార్లో రోజూ వింటున్నాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకెన్నడూ తట్టలేదు. రెంటికీ అర్థం వారమే. సప్త, హఫ్త్, రెండూ ఏడే. సంస్కృతంలో స ఉన్నచోట ఫార్సీలో హ. ఇంటికి రాగానే సగం ఖాళీగా ఉన్న పాత హాజరు రిజిస్టరు తీసి రాయడం మొదలుపెట్టాం.

హాజరు రిజిస్టరుకు గడులు ముందే గీసి ఉంటాయి. మొదటి గడి సంస్కృతం, తర్వాత హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు, చివరిది తెలుగు. సాయంత్రం నేను జొన్నరొట్టెలు చేస్తుంటే అది పీట మీద కూర్చుని పెన్సిలుతో నింపేది. నామ్, నావ్, నేమ్. మాతృ, మాదర్, మదర్. నవ, నయా, న్యూ. మరాఠీ మాట తెలియకపోతే మరుసటి రోజు కూరగాయల బండాయనను అడిగి వచ్చేది. నాలుగేళ్లు అట్లా గడిచాయి. ఇంట్లో ఇంకెవరికీ ఆ రిజిస్టరు సంగతి పట్టలేదు. అది మా ఇద్దరిదే.

తెలుగు గడి నిండితే నాకు కడుపు నిండినట్టుండేది. నామం, మాత, నవ, సప్త, నాసిక, పాదం. చూడు, మన భాష కూడా ఎంత పెద్ద బంతిలో కూర్చుందో అని కూతురికి చెప్పి మురిసిపోయేదాన్ని.

జూన్‌లో ఇంగ్లీషు మేడం వచ్చింది. బీదర్ వైపు మనిషి. ఇంట్లో మరాఠీ, వాడకట్టులో ఉర్దూ, బజార్లో కన్నడం, బడిలో ఇంగ్లీషు, మాతో తెలుగు. చిన్న వయసు. పిల్లలు వారం తిరగకుండానే ఆమె చుట్టూ మూగారు. మూగనీ, నాకేం అనుకున్నాను. ఒకరోజు అన్నాల బెల్లుకు నా కూతురు రిజిస్టరు చంకన పెట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చి, నా ముందే దాన్ని ఆమె చేతికిచ్చింది.

ఆమె ఒక్కో పేజీ తిప్పింది. "మస్తు కష్టపడ్డరు మేడం," అంది నాతో. ఆ తర్వాత వేలు తీసుకెళ్లి తెలుగు గడి మీద పెట్టింది. నా కూతురి వైపు తిరిగి, "మీ అమ్మమ్మ నీ పేరేంది అంటదా, నామమేంది అంటదా?" అని అడిగింది.

"పేరేంది అంటది."

"ముక్కా, నాసికా?"

"ముక్కు." నా కూతురు ఇంకెవరూ అడగకుండానే వరసగా చెప్పేసింది. "అమ్మ. కొత్త. ఏడు. కాలు."

"అవే తెలుగువి. ఇక్కడ రాసినయి సంస్కృతం నుంచి తెచ్చుకున్నయి. తెచ్చుకున్న మాటలను చుట్టాల లెక్కల వెయ్యొద్దు. తెలుగు, కన్నడం, తమిళం, గోండి, ఇవన్నీ వేరే కుటుంబం."

నాకిది తెలియదని కాదు. బీఎడ్‌లో ఒక మార్కు ప్రశ్నకు ఈ జవాబు నేనే రాశాను. రాసి పాసై, ఇంటికొచ్చి మరిచిపోయాను. కానీ నా కూతురు అక్కడికక్కడే కంపాసు బాక్సులోంచి రబ్బరు తీసి, మొదటి పేజీ నుంచి తెలుగు గడిని చెరపడం మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట అడగలేదు. రబ్బరు పొట్టు నా టిఫిను మూత మీద పడింది. తినకుండానే డబ్బా మూసేశాను.

ఆ రోజు నుంచి నాకు రెండు కుళ్లులు. ఒకటి ఆమె మీద, ఇంకొకటి ఆమె మరాఠీ మీద. ఆమె ఇంట్లో పిల్లను కసిరినా ఆ కసురులో ఒక మాటకు ఇంగ్లండులో అక్కచెల్లెళ్లుంటారు, ఇరాన్‌లో మేనత్తలుంటారు. నా అమ్మకు, నా ముక్కుకు అక్కడ ఎవరూ లేరు. ఇంతోటి దానికి ఇన్నేళ్లు హిందీ చెప్పానా అని ఒళ్లు మండేది.

నా కూతురు సాయంత్రాలు బడిలోనే ఉండిపోయేది. వచ్చాక నోరు తెరిస్తే 'ఇంగ్లీష్ మేడం చెప్పింది' తప్ప ఇంకో మాట లేదు. "మాటలు ఒక్కతీరుగ వినబడితే సరిపోదంట అమ్మా. తేడా కూడ ఒక పద్ధతిల రావాలంట. పితృ, ఫాదర్. పాద, ఫుట్. సంస్కృతంల ప ఉన్నకాడ ఇంగ్లీషుల ఫ." ఇంకోరోజు, "అన్నిటికి తల్లి మాట ఒకటుంటదంట. దాన్ని రాసినోళ్లు లేరు, విన్నోళ్లు లేరు. పిల్ల మాటలన్నీ చూసి తల్లి ఎట్లుండెనో లెక్కగడ్తరంట. అందుకే దాని ముందల చుక్క గుర్తు, స్టార్, పెడ్తరంట." నాకు ప్రాణం లేచొచ్చింది. వంద ప్రశ్నలడగాలనిపించింది. "ముందు కాళ్లు కడుక్కో," అన్నాను.

ఆగస్టులో బడి గోడకు పెద్ద చార్టు చేయాలనుకున్నారు ఆ మేడం, నా కూతురు. నా కూతురు రిజిస్టరు కోసం వెతికింది. అది అప్పటికే కందుల డ్రమ్ములో, కందుల కింద ఉంది. దాచింది నేనే. పప్పు పట్టించేదాకా ఆ డ్రమ్ము మూత ఎవరూ తీయరు కదా అనుకున్నాను. "ఏమో, పాత పేపర్లల్ల పోయిందేమో," అన్నాను. అంతటితో ఊరుకున్నానా? దానితో పాటు మంచం కిందికి వంగి వెతికాను కూడా. అది నా మొహం చూసి "సరే" అంది. ఇంకోసారి అడగలేదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం మొగుడంపల్లిలో మా అన్న అల్లం చేనుకు పోయాం. నా కూతురు ఇంగ్లీషు మేడంను కూడా పిలిచింది. నాతో చెప్పకుండానే పిలిచింది. మా వైపు అల్లానికి ఒక పద్ధతుంది. విత్తనంగా పెట్టిన ముక్క మొలకెత్తి, పిలకలు సొంతంగా వేళ్లూనాక, ఆ పాత ముక్కను మట్టిలోంచి మెల్లగా తీసి అమ్ముతారు. మొక్క మాత్రం బతికే ఉంటుంది. మా వదిన ఎడమచేత్తో మొదలు పట్టుకుని, కుడిచేత్తో మట్టి తొలిచి, పాత ముక్కను విరిచి తీసి, మళ్లీ మట్టి కప్పి చూపించింది. ఇంగ్లీషు మేడం చూసి, తనూ ఒకటి తీసింది. మొక్క కదల్లేదు. "చెయ్యి మంచిగున్నది," అంది మా వదిన. మా ఇంటికి కోడలిగా వచ్చాక ఇన్నేళ్లలో నా చేతిని ఆమె మెచ్చుకున్న పాపాన పోలేదు.

నేను కూర్చుని, నా పనితనం చూపిద్దామని ఒక్క గుంజు గుంజాను. పాత ముక్క, పిలకలు, వేళ్లు అన్నీ కలిసి పైకొచ్చాయి.

"అది మొదట్ల పెట్టిన సాలు, దాన్ని ముట్టద్దుండె," అంది వదిన. "తీసేటందుకు ఒక టైముంటది. లేటైతే కొత్త వేర్లన్ని దాన్ని పట్టుకుంటయి. ఇగ తీసినా తీయకున్నా నష్టమే."

ఇంగ్లీషు మేడం నా పక్కన కూర్చుని మట్టి దులుపుతూ, "మేడం, జింజర్ అనే మాట దక్షిణాది నుంచే పోయింది. తమిళుల ఇంజి అది," అంది. నన్ను ఓదారుస్తోందని అర్థమైంది. అది కూడా తమిళులదేనా, మా అల్లం ఎవరికీ పనికి రాలేదా అని దానికీ కుళ్లుకున్నాను. కానీ నా చేతిలో వేళ్లతో సహా ఊడొచ్చిన మొక్క అట్లాగే ఉంది. వదిన మాట ఆటోలో దారి పొడుగునా నన్ను వదల్లేదు.

ఇంటికి రాగానే డ్రమ్ము మూత తీసి, మోచేయి దాకా కందుల్లో పెట్టి రిజిస్టరు బయటికి లాగాను. కొంగుతో తుడిచి కూతురి ముందు పెట్టాను. "దొరికింది," అన్నాను.

అది రిజిస్టరు తెరవలేదు. "చార్టు మొన్ననే అయిపోయిందమ్మా. యాదికున్నకాడికి నేను రాసిన. మిగిలినయి మేడం చెప్పింది."

"ఇది డ్రమ్ముల ఎట్ల పడ్డదో ఏమో."

"కందులకు పురుగు పడ్తదని మొన్న ఎండ కొట్టినప్పుడు నువ్వు బజారుకు పోతే నేనే ఆరబోసిన. అప్పుడే చూసిన. మల్ల అట్లనే కింద పెట్టిన."

"మరి అడగకపోతివి?"

"నువ్వే ఇస్తవని చూసిన," అంది.

సోమవారం అందరికంటే ముందు బడికి పోయి చార్టు చూశాను. నాలుగేళ్లు రొట్టెల పొయ్యి ముందు రాసుకున్న మాటలన్నీ దాని మీద ఉన్నాయి. మొదటి వరస సప్త, హఫ్త్, సెవెన్. ముందర చుక్క గుర్తుతో తల్లి మాట. తెలుగు గడి లేదు. అడుగున సేకరణ అని రాసి రెండు పేర్లు పెట్టారు, నా కూతురిది, ఇంగ్లీషు మేడంది. నా పేరు ఎందుకు లేదని అడగడానికి నాకు మొహం లేదు. దాన్ని కందుల కింద పెట్టింది నేనే.