దారికి పోయిన సమాధులు

కొండలను కలుగజేసి, వాటి ఒడిలో నిద్రించినవారిని మరువని దేవునికి స్తోత్రం.

రెండు వేల తొమ్మిది ప్రాంతంలో మేం అమెరికాలో, వర్జీనియాలోని షాంటిలీలో ఉండేవాళ్ళం. నా ఉద్యోగం మ్యాపులు తయారుచేయడం. ఆ ఏడు వెస్ట్ వర్జీనియాలోని పాత బొగ్గుగని కాలనీలను మ్యాప్‌లోకి ఎక్కించే పని వచ్చింది. గనులు మూతపడి, కంపెనీ ఇళ్ళు కూల్చేశాక ఆ లోయల్లో చాలాచోట్ల మిగిలింది సమాధులే. పేరు చెక్కించే స్తోమత లేక కొండరాయి ఒకటి నిలబెట్టి, పక్కన నీలిపూల తీగ నాటేవారు. చలికాలంలోనూ ఆ తీగ పచ్చగా ఉంటుంది. అందుకే ఆకులన్నీ రాలాక వెళ్ళి, ఎండిన అడవిలో పచ్చటి నేల కోసం వెతికేవాళ్ళం.

ఒక లోయలో ఎనభై దాటిన ముసలమ్మ మాకోసం ఎదురుచూస్తోంది. ఆమె చిన్నప్పుడు జ్వరంతో పోయిన పసి చెల్లెలిని అక్కడి కొండ మీదే పాతిపెట్టారు. పక్క కొండను అప్పటికే బొగ్గు కోసం పేలుస్తున్నారు. సమాధి మ్యాప్‌లో ఉంటే గని కంపెనీ దాని జోలికి రాకూడదు. లేకపోతే అడిగే దిక్కు లేదు.

నాతో మా సంఘంలోని తమ్ముడొకడు వచ్చాడు. ఆమె వెనకే కొండెక్కుతూ, "బ్రదర్, సిగ్నల్ పోయింది. ఇక్కణ్ణుంచి ప్రభువే నావిగేషన్," అన్నాడు.

"ఏమంటున్నాడు?" అంది ఆమె. ఇంగ్లీషులో చెప్పాను.

"ఆయనకి దారి తెలుసులే. ఆ కంపెనీవాళ్ళకి తెలియకపోతే బాగుండేది."

పైన పచ్చటి తీగ కనిపించింది. కానీ సగమే. కింది సగాన్ని లారీల దారి కోసం బుల్డోజర్‌తో కోసేశారు. గట్టు అంచున తీగ వేళ్ళు గాలికి వేలాడుతున్నాయి.

"పాప ఎటువైపమ్మా?"

చేతికర్రతో దారి వైపు చూపించింది. "వంటింటి కిటికీలోంచి కనబడాలని మా అమ్మ అక్కడే పెట్టించింది."

తమ్ముడు టోపీ తీసేశాడు.

"అయినా మ్యాప్‌లో చుక్క పెట్టు నాయనా," అంది. "అక్కడ లేదని నాకూ తెలుసు."

కంటికి కనిపించిన సమాధికే గుర్తు పెట్టాలన్నది మా నియమం. పెట్టలేనని చెప్పాను. ఆమె తల ఊపింది. మిగిలిన ఒక్కో రాయి దగ్గరా నిలబడి అక్కడున్నది ఎవరో చెప్పింది, నేను మ్యాప్‌లో గుర్తు పెడుతూ వెళ్ళాను. చెల్లెలి మాట మళ్ళీ ఎత్తలేదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం తల వంచండి. పూలు పెట్టడానికి చోటు కూడా మిగలని ఆ అక్కను ప్రభువు ఓదార్చాలని నాతో కలిసి అడగండి. ఆమేన్.