మా ఏరాలి కొడుక్కి వచ్చిన డబ్బా రోగం

సూర్యాపేటలో మా అత్తగారింట్లో మేం ఇద్దరం కోడళ్లం. నేను పెద్దదాన్ని, మిర్యాలగూడ నుంచి వచ్చాను. మా ఏరాలిది కోదాడ. ఆమెను చూసి నేను కుళ్లుకునేదాన్ని, దాచడమెందుకు.

పోలీసు యాక్షన్‌కు ముందటి చలికాలంలో నా ఎనిమిది నెలల కూతురు డబ్బా రోగంతో పోయింది. జ్వరం, దగ్గు, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరేసేది. పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద వాతలు పెట్టారు. ఆ వాతలు మానకముందే బిడ్డ లేదు. నా ఏడుపు ఆగకముందే ఏరాలికి కొడుకు పుట్టాడు. బొద్దుగా, ఎవరు పిలిచినా నవ్వేవాడు. వాడు నవ్వితే నాకు కడుపు మండేది. కాస్త ఊయల ఊపమంటే గిన్నెలున్నాయని లేచిపోయేదాన్ని. కొత్త చొక్కా తొడిగితే రంగు బాగాలేదనేదాన్ని.

మరుసటి చలికాలం వాడికీ అదే రోగం వచ్చింది. అదే జ్వరం, అవే డొక్కలు. అందరి చూపూ నా మీదే. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, పసివాడెంత? నేను పెరట్లోకి వెళ్తుంటే మా అత్త వెనకాలే వచ్చి నా కాళ్ల కింది మట్టి చిటికెడు తీసింది. ఉప్పూ మిరపకాయలతో కలిపి, వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. అంటే దిష్టి తగిలినట్టే. నాకు కోపం రాలేదు, నా అనుమానమూ అదే కాబట్టి.

వాతలు మాత్రం పెట్టనివ్వనని ఏరాలు పిల్లవాణ్ణి ఒడిలోంచి దించలేదు. నా బిడ్డ ఒంటి మీద చూసింది కదా. ఆమె అన్న బెజవాడ వెళ్లి పెన్సిలిన్ సీసాలు తెచ్చాడు. తెల్లటి పొడిని నీళ్లలో కలిపి, మా కుండ కింది తడి ఇసుకలో చల్లగా ఉంచి, మా ఊరి డాక్టరు పంపిన కాంపౌండరు మూడు గంటలకొక సూది వేశాడు. నేను గడప దగ్గర నిలబడి ప్రతి సూదికీ కుళ్లుకున్నాను. నా బిడ్డ నాటికి రజాకార్ల భయంతో కోదాడ దాటి బెజవాడకు ఎవరూ పోలేదు. వాడు బతకాలని మొక్కుకున్నాను, నా బిడ్డకు లేని సూది వాడికెందుకని ఏడ్చాను. రెండూ నిజమే.

మూడో రోజుకు జ్వరం దిగి వాడు పాలు తాగాడు. డాక్టరు చూడటానికి వస్తే, దిష్టి తీశాకే తగ్గిందని మా అత్త చెప్పింది.

ఆయన చేతులు కడుక్కుంటూ అన్నాడు: "కంటితోని రాదమ్మా ఇది. దీని క్రిమి మనుషుల గొంతుల ఉంటది. పెద్దోళ్లకు ఉత్త పడిశం, దగ్గు, లేకుంటే అదీ ఉండది. వాళ్లు ముద్దు వెట్టుకున్నా, మీద దగ్గినా పిల్లలకు అంటి ఊపిరితిత్తులకు దిగుతది."

అత్త నా చెయ్యి పట్టుకుని తప్పైందంది. అందరి ముఖాలూ తేటపడ్డాయి, నా ముఖం తప్ప. వాడికి జ్వరం రాకముందే రెండు వారాలుగా నాకు దగ్గు. అందరి ముందు వాణ్ణి ముట్టనిదాన్ని, ఏరాలు బావికి వెళ్లినప్పుడల్లా ఎత్తుకుని, నా బిడ్డనే అనుకుని, మూతి మీద, బుగ్గల మీద తనివితీరా ముద్దులు పెట్టుకున్నాను. వాడి రోగం నా దగ్గరినుంచే వచ్చిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఆ మాట డాక్టర్ని అడిగే ధైర్యం నాకు లేదు.

రెండు రోజులకు ఏరాలు వాణ్ణి తీసుకుని నా ఎదుటికి వచ్చింది. "అక్కా, ఒకసారి ఎత్తుకో. నిన్ను అనుమానించాను, మనసులో పెట్టుకోకు" అంది. వాడు నన్ను చూడగానే రెండు చేతులూ చాచి మీదికి ఉరికాడు. నాకు దగ్గు ఇంకా తగ్గలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకున్నాను.

"నాకొద్దు, తీస్కపో" అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. కన్ను మంచిదే గని కడుపుల మంట ఇంక సల్లారలేదని అత్త లోపల్నుంచి గొణిగింది. నేను కాదనలేదు. వాడు తల్లి భుజం మీదుగా నాకేసి చేతులు చాచి ఏడుస్తూనే వెళ్లాడు.