చంద్రగిరి రోడ్డు మీద తేల్చిన మైలేజీ

మొన్న రేణిగుంట బంకులో మా పాప కారుకు డీజిలు పట్టిస్తా ఉంటే ఆ వాసన అద్దంలోంచి లోపలికొచ్చింది, అంతే, మా నాయన చొక్కా కళ్లముందర ఆడింది. డీజిలు వాసనతోపాటు భక్తులు గుండ్లకు పూసుకున్న గంధం, లడ్డూల పచ్చకర్పూరం కూడా అంటుకోని ఉండేవి ఆ చొక్కాకు.

నాయన పేరు మునెయ్య, గురవయ్య అనే ఆయన అంబాసిడరు కారుకు డ్రైవరు. పెరటాసి నెలొస్తే తమిళోళ్లు తిరుమలకు తండోపతండాలుగా వస్తారు గదా, ముసలోళ్లనూ మూటలనూ ఇరికించుకోని పొద్దస్తమానం కొండెక్కడమూ దిగడమే. వానకు తడిసిన ఘాట్ రోడ్డులో కారు ఎట్ల మూలుగుతుందో, ఇంటికొచ్చి సంగటి ముద్దలో ఊరిబిండి నంజుకుంటా నోటితోనే చప్పుడు చేసి చూపించేవాడు. నేనూ చెల్లెలూ పొర్లి పొర్లి నవ్వేవాళ్లం.

ఒక పెరటాసిలో గురవయ్యకు అనుమానం పుట్టింది, పోయించిన డీజిలుకు కారు తిరిగిన దూరం చాలడం లేదని, నాయనే తీసి అమ్ముకుంటా ఉండాడని. మా వాకిట్లోకొచ్చి, "మునెయ్యా, కారు తాగుతుండాదో నువ్వు తాగుతుండావో ఈ పొద్దు తేల్చేద్దాం రాప్పా" అన్నాడు.

టాంకీ గొంతు దాకా పోయించి, చంద్రగిరి కోట దాకా పోయొచ్చి, అదే బంకులో మళ్లా గొంతు దాకా పోయించడం. రెండోసారి పట్టినంతే కారు తాగినట్టు. మమ్మల్నిద్దరినీ నాయన వెనక సీట్లో కూర్చోబెట్టినాడు. కారెక్కడం మాకదే మొదలు. దోవలో గంపల్లో సీతాఫలాల వాసన, తడిసిన మామిడి తోపులు, ఏదీ సరిగ్గా చూడలేదు నేను. "తక్కువ తాగవే తల్లీ" అని సీటును నిమురుతానే ఉన్నాను.

మొక్కు ఫలించింది. డీజిలు కొంచెమే పట్టింది. నేను చప్పట్లు కొట్టినాను, నాయన మొగం మాత్రం పాలిపోయింది.

"కారు బంగారమప్పా. అయితే తాగింది నువ్వే" అన్నాడు గురవయ్య.

"ఇది సాపు రోడ్డన్నా, బండిలో ఉండేది మనమూ ఇద్దరు బిడ్డలూ. నిండా జనంతో కొండెక్కించి సూడన్నా."

"ఇంకా యాడికెక్కిస్తావు నన్ను?" అని గురవయ్య చెయ్యి చాపినాడు. నాయన తాళంచెవి ఆ చేతిలో పెట్టినాడు. ముగ్గురం నడిచే ఇంటికొచ్చినాం. ఆ తర్వాత సంగటి దగ్గర నాయన కారు చప్పుడు చేయలేదు, మేం అడగనూ లేదు.

పాప కారులో మైలేజీ దానంతటదే ముందర కనిపిస్తాది. మొన్న బంకు నుంచి కొండకే పోయినాం. మలుపులు మొదలైతానే ఆ అంకె పడిపోతా వచ్చింది.

"కారుకేమన్నా అయిందామ్మా?" అని పాప గాబరాపడింది.

"ఏం కాలేదు, కొండ గదా."

ఇప్పుడు గురవయ్య లేడు, నాయనా లేడు. పైకి చేరేదాకా ఆ అంకెనే చూస్తా కూర్చున్నాను.