పదకొండో సార్ గీసిన గీత

మా గంగారాం సార్ కాలధర్మం చెందారన్న వార్త ఒమన్ దేశపు ఇబ్రిలో ఉన్న మా కూలీల క్యాంపుకు పంతొమ్మిది రోజులు ఆలస్యంగా, సెలవు ముగించుకొని వచ్చిన ఒక మనిషి జేబులో ఉత్తరమై చేరింది. ఇంటికి వెళ్ళిన ఐదో నెలలో గుండె ఆగిపోయిందట. నా పక్క మంచం మస్తాన్ భాయ్ పైకి చదివాడు. గదిలో అందరినీ ఆటపట్టించే ఉద్యోగం నాది కనుక, ఎవరో నా మీద కసి తీర్చుకుంటున్నారనుకొని నవ్వాను. ఎవరూ నవ్వలేదు. ఉత్తరం లాక్కొని, ఆరో తరగతిలో వదిలేసిన చదువుతో కూడబలుక్కున్నాను. నిజమే.

సార్‌ది నిర్మల్ వైపు పల్లె. ప్రైవేటు బడిలో చరిత్ర బోధించేవారు. జీతం చాలక, ఒక్క కాంట్రాక్టు, అంటే రెండేళ్ళు, చేసి తిరిగి వస్తానని భార్యకు మాటిచ్చి ఒమన్ చేరారు. కంపెనీ ఆ చరిత్ర పండితుడి చేతికి సర్వే టేపు కొస ఇచ్చి ఎండలో నిలబెట్టింది. నేను జాలిపడబోతే సార్ పడనివ్వలేదు.

“అక్కడ పటం మీద సరిహద్దు చూపిస్తుంటి, ఇక్కడ నేల మీదనే గీస్తున్న. ప్రమోషనే గద పోశెట్టీ!”

మా గదిలో ఎనిమిది మందిమి. ఒక్కొక్కరికి ఒక మంచం, పక్కన రేకు పెట్టె పట్టేంత జాగా. నా పెట్టె మాత్రం వారానికి జానెడు చొప్పున మస్తాన్ భాయ్ మంచం వైపు ప్రయాణం చేసేది. కడప మనిషి, ఓర్పు ఎక్కువ. చివరికి ఒక శుక్రవారం ఆయన ఓర్పు కూడా అయిపోయింది.

“సార్, వీని పెట్టె కాళ్ళొచ్చినట్టు నడస్తా ఉండాది. నమాజు చాప నేను యాడ పరుచుకోవాల?”

“గాలికి జరుగుతుంది భాయ్,” అన్నాను.

“రేకు పెట్టెను జరిపే గాలి నీ నోట్లోదేరా!”

సార్ తీర్పు చెప్పలేదు, పాఠం చెప్పారు. అమెరికాకు పదకొండో అధ్యక్షుడొకడు ఉండేవాడట. నాలుగేళ్ళలో తన దేశాన్ని పడమటి సముద్రం దాకా సాగదీశాడట. దక్షిణాన ఉన్న పొరుగు దేశంతో యుద్ధం పెట్టుకొని విశాలమైన నేల లాక్కున్నాడట.

“అంత చేసినోని పేరు గిప్పుడు వాళ్ళ దేశంలనే చానమందికి తెల్వదు. నీ పెట్టె సముద్రం దాకా పోయినా నీ పేరు మిగలదు పోశెట్టీ.”

“మరి ఆయన మీకెందుకు ఇష్టం సారూ?”

“ఇష్టమని ఎవలన్నరు? పక్కోని భూమి గుంజుకున్నడు, మనుషుల్ని కొని బానిసలుగ పెట్టుకున్నడు. గవి తప్పులే. కాని ఒక్కసారే కుర్చీల కూసుంట అన్నడు, ఒక్కసారే కూసున్నడు, లేచి ఇంటికి పోయిండు. గా ఒక్కటి మెచ్చుకుంట.”

తర్వాత టేపు పట్టి, సుద్దముక్కతో నా మంచానికీ మస్తాన్ భాయ్ మంచానికీ నడుమ గీత గీశారు. ఆనాటి నుంచి సార్‌కు నేను పెట్టిన పేరు పదకొండో సార్. ఆ అధ్యక్షుడి అసలు పేరు సార్ ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రలో నిలవలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పే మనిషి లేడు.

రెండేళ్ళు గడిచాయి. ఊళ్ళో సార్ ఇల్లు గోడల దగ్గర ఆగింది. ఇంకొక కాంట్రాక్టు చేస్తే పైకప్పు పడుతుంది. చేస్తే భార్యకిచ్చిన మాట పోతుంది. ఆ నెలంతా సార్ అన్నం ముందు కూడా పరధ్యానంగా ఉండేవారు. ఒకరోజు ముదీర్, అంటే మా మేనేజరు, పిలిచి కాగితం ముందుకు జరిపాడు. నీళ్ళ క్యాను మోసుకెళ్ళిన నేను తలుపు దగ్గరే ఉన్నాను.

“గంగారాం, దో సాల్ ఔర్?” ఇంకో రెండేళ్ళు ఉంటావా అని.

సార్ చేతులు జోడించారు. “మాఫీ, ముదీర్…”

ఇక్కడికి వచ్చిన మనవాళ్ళందరూ ఒకసారైనా చేసే పొరపాటు అది. మనకు మాఫీ అంటే క్షమించమని. ఇక్కడి అరబ్బీలో ‘మాఫీ’ అంటే లేదని. ముదీర్ మర్యాదగా తలూపి, “మాఫీ? తయ్యిబ్,” అంటే సరేనని, కాగితం సొరుగులో పెట్టేశాడు.

బయటికి రాగానే సార్ చెయ్యి పట్టుకున్నాను. “సారూ, మీరు వద్దన్నరనుకున్నడు! ఉరికి చెప్పొస్త.”

“రెండు దినాలు సోంచాయించి చెప్తనని అడుగుదామనుకున్న పోశెట్టీ. మాఫ్ చెయ్యమన్న, అంతే.”

“గదే చెప్పొస్త!”

“ఆగు.” సార్ మెట్టు మీద కూర్చున్నారు. చెప్పులో ఇసుక దులుపుకొని నవ్వారు. “నెల సంది నా నోట రాని మాట, తప్పుల వచ్చింది. దాన్ని దిద్దకు.”

బస్సు ఎక్కేటప్పుడు నా నోరు ఊరుకోలేదు. “పదకొండో ఆయన కుర్చీ దిగినంక మూన్నెల్లకే పోయిండంటిరి గద సారూ, మీరట్ల చెయ్యకుండ్రి.”

“ఆయన రికార్డు కొడ్త లేరా!” అన్నారు కిటికీలోంచి.

కొట్టారు. రెండు నెలల తేడాతో.

ఆ మాట గుర్తొచ్చి కొన్ని రోజులు నేను ఎవరితోనూ హాస్యమాడలేదు. తర్వాత ఉత్తరం మళ్ళీ చదివాను. ఆఖరి వాక్యాలు మొదటిసారి నా కంటికి ఆనలేదు. వెళ్ళిన వారానికే సార్ మళ్ళీ బడిలో చేరారట. రేకుల కప్పు వేసుకొని ఆ ఇంట్లోనే కాపురమున్నారట. పోయిన రోజు కూడా పొద్దున పాఠం చెప్పారట. ఆనాడు నేను పరుగెత్తి ఆ మాట దిద్ది ఉంటే, ఈ ఐదు నెలలూ సార్ ఇక్కడ టేపు కొస పట్టుకొని నిలబడి ఉండేవారు.

అటువంటి గురువు మాకు మళ్ళీ దొరకడు. సార్ మంచం మీదికి కంపెనీ ఇంకెవరినో పంపుతుంది, ఆ జాగా నిండుతుంది. అది వేరే సంగతి. శుక్రవారం గది కడిగినప్పుడల్లా సుద్దగీత చెరిగిపోతుంది. మస్తాన్ భాయ్ అడగడు. నేల ఆరాక నేనే గీస్తాను.